పునాదికి ఇవ్వాల్సిన పిల్ల

"ఇక లాభం లేదు, ఇటిచ్చెయ్," అంటూ ఇలారియో తాత చేతులు చాచాడు.

సతుర్నీనా ఇవ్వలేదు. అప్పుడే పుట్టిన లామా పిల్లను ఒళ్లో పెట్టుకుని నేలమీదే కూలబడింది. తల్లి లామా పొద్దుటి నుంచి నొప్పులు పడింది. తీరా బయటికొచ్చిన పిల్ల ఊపిరి తీయలేదు, కదల్లేదు. కాళ్లు ముట్టుకుంటే మంచులా ఉన్నాయి.

అవతల ఆమె కొత్తింటికి పునాది గుంట తవ్వి ఉంది. సహామా కొండ కింద ఏ ఇల్లు లేవాలన్నా, ప్రాణం లేకుండా పుట్టిన లామా పిల్లను ముందు భూమితల్లికి ఇవ్వాలి. చంపి తెచ్చింది పనికిరాదు, దానంతటది పోయి ఉండాలి. అలాంటిది దొరక్క మేస్త్రీలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. తాత మాత్రం రంగుల ఉన్ని, లామా కొవ్వు, కోకా ఆకులు సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. ఊళ్లో ఆ పని చేసేది ఆయనొక్కడే.

"ఇల్లు లేస్తుంది కదే, ఏడుస్తావెందుకు?"

"తొలిచూలు తాతా. ఇల్లు ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడు కట్టుకుంటాను. ఇది మళ్లీ వస్తుందా?"

"ఎవరూ దాన్ని కదపకండి," అంది నెలిదా. పిల్లను బయటికి లాగింది ఆమే. కొండమీది పరిశోధన కేంద్రంలో పశువుల డాక్టరు. కడుపులో ఉన్న లామా పిల్లల నెత్తురు పరీక్షించడమే ఆమె పని. ఆమె వేళ్లు పిల్ల ముందుకాలి సందున ఉన్నాయి. "గుండె కొట్టుకుంటోంది. మెల్లిగానే, కానీ కొట్టుకుంటోంది."

తాత నవ్వాడు. "కాళ్లు పట్టుకు చూడమ్మాయ్. మా ఆవిడ పోయినప్పుడు కూడా ఇంత చల్లగా లేవు."

"చల్లబడటం దాని తెలివి తాతా. కడుపులో ప్రాణవాయువు అందకపోతే పిల్ల ఒళ్లు హడలిపోయి కొన్ని హార్మోన్లు వదుల్తుంది. అవి కాళ్లకీ చర్మానికీ పోయే నెత్తురు కట్టేసి గుండెకి మళ్లిస్తాయి. పల్లపు గొర్రెపిల్లా అంతే చేస్తుందనుకో. మన లామా పిల్ల మరీ మొండిఘటం. మెదడులోని దీపం కూడా తగ్గించేసుకుని కూర్చుంటుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉంటుంది."

"పుట్టకముందే ఇంత పొదుపా?" అంది సతుర్నీనా, కళ్లు తుడుచుకుంటూ.

"మనకి నేర్పినా రాదక్కా. ఊఁ, రుద్దు. గట్టిగా రుద్దు."

సతుర్నీనా తన శాలువాతోనే రుద్దింది. నెలిదా పిల్ల ముక్కులోని జిగురు తుడిచి, నోరు ఆనించి ఊదింది. మేస్త్రీ ఒకడు గునపం పట్టుకుని వచ్చి, "ఇంతకీ పనుందా లేదా?" అన్నాడు. నెలిదా మళ్లీ ఊదింది.

ఉన్నట్టుండి పిల్లకు ఎక్కిళ్లలాంటిది వచ్చింది. తర్వాత డొక్క లేచింది, మళ్లీ లేచింది. చెవి ఒకటి నిక్కింది. తల్లి లామా మెడ చాచి గొంతులోనే సన్నగా కూనిరాగం తీసింది. గాలి పిసరంత కూడా ఎక్కువ దొరకని ఈ ఎత్తుమీద, ఎవరి సాయమూ లేకుండా చీకట్లో అంతసేపు తన ప్రాణాన్ని తానే కాచుకున్న ఆ గుప్పెడు జీవికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది ఎవరికైనా. మేస్త్రీ నిజంగానే టోపీ తీసేశాడు.

"మరి ఇల్లో?" అన్నాడు మెల్లగా.

"ఇల్లెక్కడికి పోతుంది? వెళ్లి భోంచేసి రండి," అంది సతుర్నీనా. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు.

తాత ఒక్కడే నవ్వలేదు. వంగి పిల్ల కాలు ముట్టుకున్నాడు. డొక్క ఎగిరెగిరి పడుతున్నా కాలు ఇంకా చల్లగానే ఉంది. ఆయన చేతిలోని ఉన్ని జారి కిందపడింది.

"అమ్మాయ్, అలా చచ్చినట్టు ఎంతసేపు ఉండగలదు?"

"ఎవరికీ సరిగ్గా తెలీదు తాతా. మేమూ ఇంకా చూస్తూనే ఉన్నాం. ఏం, ఎందుకూ?"

తాత అప్పటికే మేస్త్రీ చేతిలోని గునపం లాక్కుని వాలులోకి పరుగెత్తుతున్నాడు.

"పొద్దున్నే కింది ఇంటి పునాదిలో ఇలాంటిదాన్నే ఒకదాన్ని పెట్టి, పైన బండ మూసి వచ్చానే!"