కంపెనీ రంగు

"ఏటి సత్తియ్యా, ఏటి చేసేవిది?"

రంగుల షెడ్డులో బల్ల మీద కరెంటు గిటారు వెల్లకిలా పడి ఉంది. నిన్నటిదాకా ఉన్న ఎరుపు పోయి ఉత్త చెక్క మిగిలింది. నేలంతా ఎర్ర పొట్టు. అది చూసేసరికి జెఫ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మండదా మరి? అది వాళ్ళ నాన్న యేసుపాదం మాస్టారి గిటారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి ఆదివారానికి ఏడాది. ఆ రోజు జ్ఞాపకార్థ కూడికలో గిటారును చర్చికి ఇస్తానని జెఫ్రీ ఊరంతా చెప్పుకున్నాడు. సత్తియ్యకు అప్పజెప్పిన పనల్లా పైపైన పాలిష్ పట్టి, చర్చి ఫ్యాన్ల మీద దాతల పేర్లు రాస్తారే, అలా "యేసుపాదం గారి కానుక" అని రాయడం. ఈ మహానుభావుడు మొత్తం గీకి పారేశాడు.

నాన్న మొదటి జీతంతో కలకత్తా నుంచి తెప్పించుకున్న గిటారని, ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదని, అది కంపెనీ వేసిన రంగని, మళ్ళీ కొందామన్నా దొరకదని జెఫ్రీ ఎడాపెడా వాయించేశాడు. మోటారు సైకిళ్ళకు రంగు కొట్టేవాడి చేతికివ్వడం తనదే బుద్ధి తక్కువన్నాడు. సత్తియ్య గరుకు కాగితం మడత పెట్టుకుంటూ అన్నీ విన్నాడు. డెబ్భై దాటిన మనిషి, మాటకు మాట అనే రకం కాదు.

"అది కంపెనీ రంగు కాదు బాబూ," అన్నాడు చివరికి.

"అంటే? మా నాన్న అబద్ధమాడేడంటావా?"

సత్తియ్య గిటారు తిరగేశాడు. వీపు మీది పొట్టు అరచేత్తో తుడిచి పక్కకు జరిగాడు.

"దీని మీద ఇంకో పేరు రాయడానికి నాకు సేతులు రాలేదు."

చెక్కలో ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి. రాంబిల్లి సంఘానికి బుల్లమ్మ కానుక, 1974.

రాంబిల్లిలో నాన్న రెండేళ్ళు బడిపంతులు. ఆదివారాలు అక్కడి చర్చిలో పాటలు నేర్పేవాడు. డెబ్భై అయిదులో బదిలీ మీద అనకాపల్లి వచ్చేశాడు. జెఫ్రీ ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. ఆదివారం కూడికకు రాంబిల్లి వాళ్ళనీ తనే పిలిచాడు. నాన్న పరువు ఏం కాను?

వెళ్ళి షెడ్డు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అక్షరాలు లప్పంతో పూడ్చెయ్యి సత్తియ్యా. పైన మళ్ళీ అదే ఎరుపు కొట్టు. మూడో మనిషికి తెలీకూడదు."

సత్తియ్య గరుకు కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"యాభై ఏళ్ళ కిందట మీ నాన్నగారూ ఇక్కడే నిలబడి అచ్చం ఈ మాటే అన్నారు బాబూ."