మాస్టారి కొండ

"నీవల్ల కాదంటే విన్నావా?" మొదటి మలుపులోనే రొప్పుతూ అన్నారు లెక్కల మాస్టారు. మూడేళ్లుగా ఆదివారం తప్పకుండా కొండెక్కుతున్న మనిషి! ఈవేళ ఆయన భార్య, ఇంట్లో అత్తగారి దగ్గర ఆడపడుచు ఉండబట్టి, వెంట వచ్చింది. ఆమెకు చెమటైనా పట్టలేదు.

దారి పక్క టీకొట్టు ఆవిడ మొహం చేటంత చేసుకుంది.

"రండి సార్! మీ కుర్చీ నీడలో వేయించాను. సాయంత్రం దాకా ఉంటారుగా?"

మాస్టారు గబగబా ముందుకు నడవబోయారు.

"మరి వారంవారం నాకు చూపించే, శిఖరం మీంచి తీసిన ఫొటోలు?" అడిగింది భార్య.

"పైనుంచి దిగొచ్చేవాళ్లని అడిగి ఫోన్లో వేయించుకుంటారమ్మా," అంది ఆవిడ.

భార్యకు ముందు నవ్వొచ్చింది. తర్వాత మూడేళ్ల ఆదివారాలు గుర్తొచ్చాయి. మంచం దిగలేని అత్తగారి స్నానం, అలిసొచ్చిన మొగుడి కాళ్లకు వేడినీళ్లు, "ఇంటిపట్టునుండే నీకేం తెలుసు కష్టం" అన్న మాట.

"మొదటిసారే మోకాళ్లు పట్టేశాయే. చెప్పడానికి నామోషీ అయింది," గొణిగారు మాస్టారు.

"అత్తయ్య స్నానానికి మోకాళ్లతో పనిలేదు. వచ్చే ఆదివారం నుంచి అది మీరు చూసుకోండి. కొండ నేను చూసుకుంటాను."

ఆమె చకచకా పైకి నడిచింది. రెండో మలుపు తిరుగుతుండగా వెనకనుంచి కేక వినబడింది.

"ఏమేవ్! పైన ఎలా ఉంటుందో చూసొచ్చి చెప్పు!"