కింద కూర్చునే మనిషి

ఎముకల నొప్పిని శబ్ద తరంగాలతో కాల్చేసే యంత్రం ఊరూరా వచ్చాక, కల్లు గీసేవాళ్ల ఇళ్లలో కొత్త ఆనవాయితీ మొదలైంది. నొప్పి కాల్పించుకున్న మనిషి తాడిచెట్టు ఎక్కితే, ఇంట్లోవాళ్లు ఒకరు కింద కూర్చుని అతని కాళ్లను కనిపెట్టుకుని ఉండాలి.

ఆ పొద్దున అండాలు తన భర్త బుచ్చిరాములు కాళ్లనే చూస్తోంది. కల్లు నిండిన లొట్టి దించుకుని దిగబోతుంటే అతని ఎడమకాలు జారి చెట్టుకు బలంగా కొట్టుకుంది. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయింది. అదేమీ తెలియక, అతను మళ్లీ ఆ కాలి మీదే బరువు మోపబోయాడు.

"ఆగయ్యా! ఎడమకాలు మోపకు!"

"ఏమైందే? నాకేం నొస్తలేదు."

"నొయ్యదని నాకెరుకే. నడుం మోకు మీద ఒరుగు. కుడికాలుతోనే దిగు."

ఆమె ఒక్కో అడుగూ చెబుతుంటే అతను జానెడు జానెడుగా దిగాడు. నేల మీద కూర్చోబెట్టి, వేలాడుతున్న కాలిని ఆమె ఒళ్లోకి తీసుకుంది. చేతుల కింద విరిగిన ఎముక కరకరలాడింది.

అండాలు బావురుమంది.

"నాకే నొస్తలేదు, నువ్వెందుకే ఏడుస్తున్నవ్?"

"ఒక్కరికన్నా నొయ్యాలె గదయ్యా!"