అర మాత్ర

అడకత్తెర కటుక్కుమంది. తెల్లమాత్ర రెండు ముక్కలైంది. సూర్యావతి ఒక ముక్క భర్త కాశీవిశ్వనాథరాజు నోట్లో వేసి మంచినీళ్లు పట్టించింది. రెండో ముక్క కాగితంలో చుట్టి కొత్తకోడలికిచ్చింది.

"పెరట్లో పారెయ్యమ్మా. ఈ ముసురుకి రేపటికల్లా మెత్తబడిపోద్ది."

"మందు కూడా మావయ్యగారికి సగమేనా? మరీ పిసినారండి మీరు, అత్తయ్యా!" ఇంద్రజ గాజులు గలగలమనేలా నవ్వింది.

సూర్యావతికీ నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వితే ఇంట్లో ఏలకులు దంచినట్టుంటుంది.

ఆషాఢంలో, కోడలు పుట్టింట్లో ఉండగా, రాజుగారికి గుండెదడ వచ్చింది. భీమవరం డాక్టరు ఈ మాత్ర రాసి, "రోజుకి అర మాత్రే. మించకూడదు" అని సూర్యావతికి రెండుసార్లు చెప్పాడు. నెల తిరక్కుండానే ఆయన రొయ్యల చెరువు గట్టు మీద నడిచారు.

శ్రావణంలో ఇంద్రజ ఆత్రేయపురం నుంచి రేకుల కట్టలతో దిగింది. రోజూ మధ్యాహ్నం నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి, ఒక్క పూతరేకు తాజాగా మడిచి మావగారికి తనే తినిపిస్తుంది.

పది రోజులకే ఆయన మంచమెక్కారు.

"అన్నం వాసనకే వాంతొస్తోంది. ఏంటో సూర్యా, అంతా పసుపుపచ్చగా కనిపిస్తోంది. నీ మొహం కూడా."

"కోడలు కాలుపెట్టిన వేళ..." పక్కింటి మహాలక్ష్మమ్మ గొంతు తగ్గించింది.

"ఆపండి వదినగారూ! అది బంగారం."

కసిరిందే గాని, ఆ రోజు నుంచి సూర్యావతి ప్రతి ముక్కనీ కిటికీ వెలుగులో తిప్పి చూసుకున్నాకే, రెండోది కోడలి చేతికిస్తోంది. ఒకవైపు పెద్దగా తెగుతోందా? తన చేతులే ఆయన్ని...

కబురు అందుకుని డాక్టరు వచ్చాడు. నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నిమిషానికి నలభై. మాత్ర ఎంత వేస్తున్నారండీ?"

"అరేనండి. అమ్మవారి మీద ఒట్టు."

"రెట్టింపు పడితే వచ్చే లక్షణాలండివి. ఇంకొక్క ముక్క పడిందంటే గుండె ఆగిపోవచ్చు. ముందు ఆసుపత్రికి పదండి."

సూర్యావతి మంచం అంచున కూర్చుని ఆయన్ని లేవదీయబోయింది.

వంటింట్లోంచి ఇంద్రజ పళ్లెంతో హడావిడిగా వచ్చింది. "మావయ్యగారూ, నోరు తెరవండి. ఇది తింటే రేపటికి లేచి కూర్చుంటారు."

ఆయన బుద్ధిగా నోరు తెరిచారు.

"ఇప్పుడేం పెట్టకమ్మా!" డాక్టరు చెయ్యి అడ్డుపెట్టాడు.

పూతరేకు జారి సూర్యావతి ఒళ్లో పడి విరిగింది.

బెల్లంపొడి మధ్య తెల్లగా అర మాత్ర.