హుంగా చేతిలో బంతి

"లాక్కోరా రామయ్యా! లాక్కో!"

భూషణం కొడుకును చూసి గొంతు చించుకుంటున్నాడు. ఉసూరు జట్టు పిల్లాడు హుంగా బంతిని నేలకు కొట్టుకుంటూ రామయ్య పక్కనుంచే వెళ్తున్నాడు. చెయ్యి చాపితే చాలు. సొంతూరు పామేడులో ఎంత పెద్ద పిల్లల దగ్గరైనా బంతి ఊడలాక్కునే రామయ్య, ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

హుంగా తాపీగా బంతిని ఇనప రింగులో వేశాడు. ఈల మోగింది. ఉసూరు గెలిచింది.



ఈ ఒక్క ఆట కోసం ఇంట్లో ఎంత రభస! గెలిచిన జట్టులోంచి ఒకణ్ణి జగదల్‌పూర్ స్కూల్లో చేర్చుకుంటారు. తిండి, బట్ట, చదువు అన్నీ బస్తర్ రాజ్యం ఖర్చే. పామేడు గెలిస్తే ఆ చోటు రామయ్యదేనని బాస్కెట్‌బాల్ నేర్పిన గురూజీ చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి భూషణం నేల మీద నిలవలేదు.

భార్య బుల్లమ్మ మాత్రం ససేమిరా అంది.

"ఆడుకోనీ, వద్దన్ననా? మనూళ్ళె మన పిల్లలతోటి సరదాగా ఆడుకోనీ. ఈ పోటీలు మనకెందుకయ్యా? ఇద్దర్ని జ్వరాలకు పోగొట్టుకున్న. ఉన్నొక్కణ్ణి జగదల్‌పూర్ తోలమంటవా?"

"సరదా ఆటతోటి ఏమొస్తదే? వాడు గూడ నా లెక్క ఇప్పపూలు ఏరుకుంట బతకాల్నా?"

చాన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఏమనుకుందో ఏమో, బుల్లమ్మే మెత్తబడింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ తనే కదిపింది.

"అవతలి జట్టుల మనోనికి ఎదురు నిలిచేటోడు ఎవడు?"

భూషణం మురిసిపోయాడు. "ఉసూరుల మాడ ఉన్నడు గద, ఆని కొడుకు హుంగాగాడు. వాని చేతులకెల్లి బంతి గుంజితే ఆట మనదే."

"అట్లయితే పిల్లగాణ్ణి ఉసూరు జాతరకు తీస్కపోయి మొక్కిచ్చుకొస్త."

భూషణం బండి కట్టించి మరీ పంపాడు. ఇంత మంచి పెళ్ళాంతోనా ఇన్నాళ్ళూ పోట్లాడాను అనుకున్నాడు.

ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి. జనం చెదిరిపోతుంటే వెళ్ళి కొడుకు రెక్క పట్టుకున్నాడు.

"ఎందుకు లాక్కోలేదురా?"

"వాడు నా మితాన్ నాయినా."

భూషణం పట్టు సడలిపోయింది. మితాన్ అంటే ఆషామాషీ స్నేహం కాదు. దేవత ముందు నిలబడి, ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టి కట్టుకునే బంధం. ఆ తర్వాత చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. ఒకరి చేతిలోది మరొకరు లాక్కోరు. తప్పితే ఇంటికి కీడు.

"ఎప్పుడు కట్టుకున్నవురా?"

"జాతరల..." రామయ్య వెక్కుతూ ఇంకేదో చెప్పబోయాడు. భూషణం వినిపించుకుంటేగా!

అంతా అర్థమైపోయింది. ఇది మాడ పనే. ఆటలో గెలవలేక, అభం శుభం తెలియని పిల్లాడి చేతులు కట్టేశాడు. దేవతను అడ్డం పెట్టుకుని ఇంత ద్రోహమా! పక్కనే ఉండి కూడా కనిపెట్టలేకపోయింది, పిచ్చిది బుల్లమ్మ. ఈ మాట తెలిస్తే కుమిలి కుమిలి ఏడుస్తుంది.

మాడ కొడుకును భుజాలకెత్తుకుని ఎదురొస్తున్నాడు. భూషణం వెళ్ళి అతని తువ్వాలు ఒడిసిపట్టాడు.

"నీకు నేనేం అన్యాలం జేసిన మాడా? నా కొడుకు నోటికాడి కూడు తీస్తివి. గెలవాల్నంటే ఆటల గెలవాలె. దొంగచాటుగ ఈ మితాన్ నాటకమేంది?"

మాడకు కోపం రాలేదు. కొడుకును మెల్లగా కిందికి దించాడు. భూషణం మొహంలోకి వింతగా చూశాడు.

"'ఆటల మావోనికి ఎదురు నిలిచేది ఈడేనా' అని మా హుంగాను జూపిచ్చి ఒకటికి రెండుసార్లు అడిగి, టెంకాయ తన చేత్తోనే కొట్టి, మితాన్ కట్టిచ్చిపోయింది మీ ఇంటామెనే గదన్నా!"