వెలిగిందా కాకా?

"ఒత్తిన! వెలిగిందా కాకా?"

"వెలగలే!"

డ్రైవరు సీటు కింద తల దూర్చి, బ్రేకు పెడలును చేత్తో ఒత్తుతున్న కైలాసం విసుగ్గా తల బయటికి తీశాడు. లక్సెట్టిపేట బస్టాండు పక్కన అతని రేకుల షెడ్డు. మందమర్రి బస్సు ఆ షెడ్డు గోడకు వీపు పెట్టి ఆగి ఉంది. గోడకూ బస్సుకూ నడుమ ఒక్క మనిషి పట్టేంత సందు. ఆ సందులో నిలబడి బ్రేకు లైటు చూస్తున్నవాడు డ్రైవరు లచ్చయ్య. నాలుగింటికి కదలాల్సిన బస్సు నాలుగున్నరైనా కదల్లేదు.

మామూలుగా అయితే కైలాసం ఇంత కంగారుపడే మనిషి కాదు. కానీ ఆ బస్సులో, మూడో సీట్లో, అతని భార్య బాలలక్ష్మి కూర్చుని ఉంది. ఒళ్లో మూడు నెలల పాప. మందమర్రి గనిలో పనిచేసే తండ్రి దగ్గరికి పోతోంది. ఆ దారి నిండా బొగ్గు లారీలే. బ్రేకు లైటు లేని ఒక బండిని పోయిన నెలలోనే లారీ వెనుక నుంచి గుద్దేసింది. ఆ నుజ్జు బండిని విప్పింది కైలాసమే. ఆనాటి నుంచి ఏ బండి చూసినా ముందు దాని వెనుక భాగమే చూస్తున్నాడు.

"ముందటికి పోయే బస్సుకు ఎనుక లైటెందుకయ్యా?" కిటికీలోంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. కైలాసానికి మాత్రం నవ్వు రాలేదు.

ఫ్యూజు చూశాడు, బాగుంది. హారను మోగింది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు. ఇక మిగిలింది పెడలు కింది స్విచ్చు. దాన్ని విప్పి పక్కన పెట్టి, రెండు వైర్ల కొనలూ గీకి, నేరుగా కలిపి పట్టుకున్నాడు.

"ఇప్పుడో?"

"లేదు కొడుకా. చీకటే."

"గట్లెట్ల? నువ్వొచ్చి గీ వైర్లు పట్టు, నేనొచ్చి చూస్త."

"వైర్ల పని నీది. చూసుడు గూడ నాకు రాదా? నిజాం జమాన సంది బండ్లు నడుపుతున్న. అసలు లైటు వెలుగుతలేదని నిన్న పట్టుకున్నదే నేను!"

ఆ మాట నిజమే. వేరే డ్రైవర్లయితే బ్రేకు లైటు ఉందో లేదో కూడా పట్టించుకోరు. లచ్చయ్య పట్టుబట్టి షెడ్డుకు తెచ్చాడు. ఇంత జాగ్రత్త గల మనిషి చేతిలో భార్యా బిడ్డా పోతున్నారని కైలాసం లోలోపల సంతోషించాడు కూడా.

కొత్త బల్బుకు చుట్టిన కాగితం అలాగే ఉంచి చొక్కా జేబులో వేసుకుని, బస్సు వెనక్కి నడిచాడు. ఎడమ మడ్గార్డు మీద కొత్త గీత కనిపించింది.

"ఇదేంది కాకా?"

"ఎడ్లబండి. ఎదురొచ్చి ఒరుసుకుంటే నేనేం జేస్త?"

లచ్చయ్య సందులోంచి బయటికి వస్తూ పనిముట్ల డబ్బాను తన్నుకుని తూలాడు. డబ్బాను అక్కడ పెట్టినవాణ్ని తిట్టాడు. పెట్టింది కైలాసమే కనుక దాన్ని పక్కకు జరిపాడు.

"మామా, జర జల్ది కానియ్యుండ్రి!" బాలలక్ష్మి కిటికీలోంచి లచ్చయ్యను పిలిచింది.

"ఎవలు బిడ్డా?"

"నేను మామా, బాలలక్ష్మిని."

"ఓ, నువ్వా! కొంగు కప్పుకుంటే ఎట్ల గుర్తుపడుత? ఫికర్ జెయ్యకు. పొద్దుగూకకముందే నిన్ను మందమర్రిల దించుత."

కైలాసం సందులోకి దూరి, లైటు మీది ఎర్ర అద్దం విప్పి పాత బల్బు తీశాడు. లోపలి తీగ తెగినట్టు లేదు. అయినా నమ్మకం కుదరక దాన్ని డబ్బా మీద పెట్టేశాడు. సాకెట్టులో మురికి ఉంది. గరుకు కాగితంతో గీకుతుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఇగో, పిల్ల ఉడకకు ఆగుతలేదు! ఎంతసేపు?" బాలలక్ష్మి అరిచింది.

కండక్టరు కొండల్ హారను మీద చెయ్యి పెట్టి తీయడం లేదు. "అయితదా, కాదా? కాదంటే అందరిని దించుత!"

"ఒక్క నిమిషం!" కైలాసం సాకెట్టులోకి ఉఫ్‌మని ఊది, గబగబా ఎర్ర అద్దం బిగించి, ముందుకు పరుగెత్తాడు. లచ్చయ్య మళ్లీ సందులోకి దూరాడు. కైలాసం స్విచ్చును యథాస్థానంలో బిగించి పెడలు ఒత్తాడు.

"కాకా, కొత్త బల్బు! ఇప్పుడు వెలగకుంటే బండిని పోనియ్య! వెలిగిందా?"

కొండల్ మళ్లీ హారను మోగించాడు.

"కాకా!"

"వెలిగింది! ఎర్రగ మిర్పపండు లెక్క వెలుగుతుంది! దిగు ఇగ!"

బస్సంతా హమ్మయ్య అనుకుంది. కైలాసానికైతే గుండెల మీది బండ దిగినట్టయింది. కిటికీ దగ్గరికి పోయి పాప బుగ్గ నిమిరాడు.

"భయం లేదు. ఏ లారీ వచ్చినా ఎనుకనుంచి కనవడుతది. పోయినంక ఖబరు పంపు."

బస్సు కదిలి, మలుపు దగ్గర దుమ్ములో కలిసిపోయింది. లైటు చూద్దామని మెడ చాచాడు కానీ దుమ్ములో ఏమీ కనిపించలేదు.

తిరిగొచ్చి పనిముట్లు సర్దుతుంటే పాత బల్బు చేతికొచ్చింది. షెడ్డులో ఉన్న బ్యాటరీకి పెట్టి చూశాడు. భగ్గుమని వెలిగింది.

"నీ పాడుగాను, మంచిగనే ఉన్నవా?" అని నవ్వుకున్నాడు. అయితే తప్పంతా సాకెట్టు మురికిదే అన్నమాట. గీకాడు, పోయింది. తన పనితనానికి తనే మురిసిపోయి, బీడీ కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

కాగితం విప్పని కొత్త బల్బు చేతికి తగిలింది. మరి బల్బే లేని సాకెట్టులో కాకాకు ఎర్రగా వెలిగిందేమిటి?