మాత్రల పెట్టె

"ఇంకా వేళ కాలేదు," అన్నాడు వడ్రంగి, గడియారం వైపు చూడకుండానే.

"మీరు చూడనైనా చూడలేదు."

"ఇందాకే చూశాను. చీకటి పడ్డాక ఇమ్మన్నాడు డాక్టరు. కిటికీలో ఎండ ఇంకా పోలేదు."

భార్య మంచం మీద ముడుచుకుని గోడవైపు తిరిగింది. దుప్పటి కప్పితే ఉడుకంటుంది, తీస్తే చలంటుంది. జాకెట్టు వీపంతా చెమటకి తడిసి ఉంది. వడ్రంగి వంటింట్లోకి వెళ్ళి రబ్బరు సంచిలో వేణ్ణీళ్ళు నింపుకొచ్చాడు. వద్దని చెయ్యి ఊపిందామె. ఆ సంచిని పక్కన పెట్టుకుని, నేలమీద పరిచిన చాపమీద మెల్లగా చేరగిలబడ్డాడు. కొన్నాళ్ళుగా మంచం ఆమెది, చాప అతనిది.

మాత్రల పెట్టె అలమరా పక్కన గోడకి బిగించి ఉంది. మిగిలిన టేకు ముక్కలతో అతనే చేశాడు. ఇన్నేళ్ళలో ఎందరి ఇళ్ళకో తలుపులు చేశాడు గాని, ఏ పనీ చేతులకి ఇంత బరువుగా అనిపించలేదు. దాని తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. స్నానానికి వెళ్ళినా తీయడు.

"కాళ్ళు పీకేస్తున్నాయండీ. ఎముకల్లో ఏదో పాకుతున్నట్టుంది. సగం ఇవ్వండి. సగమే."

"పొద్దున వేసుకున్నావు కదా. మళ్ళీ రాత్రికే."

"మీకు జాలి లేదు."

అతను మెడలోని దారాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. ఈమధ్య జవాబు చెప్పడానికి కూడా ఓపిక కూడదీసుకోవాల్సి వస్తోంది.

వీధి తలుపు చప్పుడైంది. వచ్చింది భార్య అక్కగారు. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వస్తూనే మంచం దగ్గరికెళ్ళి చెల్లెలి నుదురు తడిమింది.

"ఇదేంటే, ఇలా పుల్లలా అయిపోయావు? నొప్పా?"

"నొప్పే అక్కా."

"ఎక్కడే?"

"అంతటా."

"మందుల్లేవా?"

"ఉన్నాయి. ఆయన దగ్గర."

ఆవిడ మరిది వైపు తిరిగింది. "మరి ఇవ్వవేంటయ్యా?"

"వేళ కాలేదు వదినా. అది గట్టి మందు. డాక్టరు ఎంత చెబితే అంత, ఎప్పుడు చెబితే అప్పుడు. మనిష్టం కాదు."

"నొప్పికి లేని వేళ మందుకెందుకు?" ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి చిన్న డబ్బా తీసింది. "పోనీ, నేను వేసుకునే నిద్రమాత్ర ఒకటిస్తా. మింగి పడుకోవే, హాయిగా నిద్ర పడుతుంది."

వడ్రంగి బల్ల అంచు పట్టుకుని లేచాడు. రెండడుగుల్లో వచ్చి ఆవిడ అరచేతిలోంచి మాత్ర తీసేసుకున్నాడు.

"వద్దు వదినా. ఆ మందు ఒంట్లో ఉండగా ఇది పడితే నిద్రలోనే ఊపిరాగిపోవచ్చు."

"డాక్టరీ ఎప్పుడు చదివావు?"

"డాక్టరే చెప్పాడు. మందుల షాపాయన్ని అడిగితే ఆయనా అదే చెప్పాడు."

"అయితే వెళ్ళి ఆ డాక్టర్నే అడుగు, ఇంకో మాత్ర వేస్తే ఏమవుతుందో."

"అడిగాను. ఎక్కువా వేయకూడదు, ఒక్కసారిగా మానేయనూ కూడదు. ఆయన చూసి మెల్లమెల్లగా తగ్గిస్తాడట. ఈ వారం కాస్త తగ్గించాడు."

"నొప్పి తగ్గకుండా మందు తగ్గిస్తారా ఎవరైనా? అసలు దీనికొచ్చిన జబ్బేంటయ్యా? ఫోన్లో అడిగితే ఇదీ చెప్పదు, నువ్వూ చెప్పవు."

వడ్రంగి భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే అతని వంకే చూస్తోంది. ఆ చూపు దేనికో అతనికి తెలుసు. చేతిలోని నిద్రమాత్రని తిరిగి వదినగారి డబ్బాలో పడేశాడు.

అది చూసి వదినగారికి ఒళ్ళు మండింది. "పెద్ద పనులు ఒప్పుకోవట్లేదటగా? పనులు మానుకుని ఇంట్లో కూర్చుని పెళ్ళానికి కాపలా కాస్తున్నావన్నమాట. మాత్రలకి తాళం వేయడం నేనెక్కడా చూడలేదయ్యా. మేమేమన్నా దొంగలమా?"

అతను తల వంచుకున్నాడు.

"లేవే. నాతో వద్దువుగాని." అలమరా తెరిచి రెండు చీరలు తీసి సంచిలో కుక్కింది. "తాళంచెవి ఇటివ్వు. మాత్రలు నేను తీసుకుపోతాను. ఎప్పుడు నొప్పంటే అప్పుడు నా చేత్తో ఇచ్చుకుంటాను."

"పెట్టె మాత్రం అడక్కండి వదినా. కావాలంటే తను మీ ఇంటికి వస్తుంది. ఏ పూట మాత్ర ఆ పూట నేనే తెచ్చిస్తాను."

"నువ్వే అడగవే," అంది ఆవిడ చెల్లెలితో. "నా ముందు అడుగు. ఎలా ఇవ్వడో చూస్తాను."

వడ్రంగికి ఒక్కసారిగా అలసట ముంచుకొచ్చింది. రోజూ ఇదే. పొద్దున బతిమాలడం, మధ్యాహ్నం తిట్టడం, సాయంత్రానికి ఏడుపు. ఇప్పుడు వదిన అండగా ఉండగా ఆమె చెయ్యి చాపితే, కాదనే సత్తువ తనలో లేదని అర్థమైంది. దారం తలమీంచి తీసి మంచం దగ్గరికెళ్ళాడు. ఆమె ముందు గుప్పిట తెరిచాడు.

"నాకిక ఓపిక లేదు. కావాలంటే తీసుకో."

ఆమె లేచి కూర్చుంది. తాళంచెవి మీదే చూపు. చెయ్యి ముందుకొచ్చింది. చెమట వేళ్ళు ఆ దారాన్ని తాకాయి, అక్కడే ఆగాయి. అక్కగారు "తీసుకో, తీసుకో" అంటోంది.

ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటే మూసి, గుప్పిటని వెనక్కి నెట్టింది. కళ్ళు తుడుచుకోకుండానే అక్క వైపు తిరిగింది.

"డాక్టరు ఆ మాత్రలు మొదట రాసింది నాక్కాదక్కా, ఆయన నడుముకి. దొంగతనంగా మింగి అలవాటు పడింది నేను."